కర్నూలు, అనంతపురం, కడపల్లో సర్కారు గర్భనిరోధక సేవ: సరుకు మంచిదే, చెప్పేవాళ్లే కరువు

పాత లెక్కన కర్నూలు, అనంతపురం, కడప మూడు జిల్లాల్లోనూ గర్భం రాకుండా చూసుకోవడానికి సర్కారు ఇచ్చేవి తక్కువేం కావు. నిరోధ్, మాలా-ఎన్ మాత్రలు, వారానికొకటి వేసుకునే ఛాయ మాత్ర, మూడు నెలలకొకసారి అంతర సూది, పదేళ్లు పనిచేసే కాపర్‌టీ, ఐదేళ్ల కాపర్‌టీ, 72 గంటల్లోపు వేసుకునే అత్యవసర మాత్ర, ఆడవాళ్ల ఆపరేషన్, మగవాళ్లకు కోత లేని ఆపరేషన్. అన్నీ ఉచితం. ఇన్ని ఉన్నా నడుస్తున్నది మాత్రం ఒక్కటే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన 15–49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశం మొత్తమ్మీద అది 38 శాతం దగ్గరుంది. మాత్ర, సూది, కాపర్‌టీ, నిరోధ్ వాడేవాళ్లందరినీ కలిపినా మన రాష్ట్రంలో రెండు శాతం కారు.

ఈ సేవను తూచాలంటే మందు మంచిదా కాదా అని చూస్తే సరిపోదు. మందులు మంచివే. ఏ ఇంటికి, ఏ వయసుకు, ఏ పనికాలానికి ఏది సరిపోతుందో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు ఉన్నారా, ఆ మాట సమయానికి చెవినపడుతోందా అన్నది చూడాలి. అక్కడే ఈ సేవకు మార్కులు తగ్గుతున్నాయి.

ఆపరేషన్: చేయి తిరిగిన పని, కానీ తొందర ఎక్కువ

ఆడవాళ్ల ఆపరేషన్‌లో ఈ వైపు ఆసుపత్రులకు ఏళ్ల తరబడి అనుభవం ఉంది. కర్నూలు, అనంతపురం, కడప పెద్దాసుపత్రుల దాకా వెళ్లనక్కర్లేదు. ఆదోని, నంద్యాల, హిందూపురం, ప్రొద్దుటూరు లాంటి ఊళ్లలోనూ జరుగుతుంది. కాన్పయిన ఏడు రోజుల్లోపైతే బొడ్డు దగ్గర చిన్న కోతతో చేస్తారు. ఆ గడువు దాటితే ఆరు వారాలు ఆగి, ముట్టు మొదలైన ఏడు రోజుల్లోపు చేయించుకోవాలి. లాపరోస్కోపీ, అంటే కడుపులోకి సన్నటి గొట్టం పంపి చేసే ఆపరేషన్, బాలింతకు పనికిరాదు, ఆరు వారాలు దాటినాకే.

నియమాలు స్పష్టంగా ఉన్నాయి. వయసు 22 నుంచి 49 మధ్య ఉండాలి. పెళ్లయి, ఏడాది నిండిన బిడ్డ ఒక్కరైనా ఉండాలి. రక్తం (హిమోగ్లోబిన్) 7 గ్రాములకు తగ్గకూడదు. మూత్రపరీక్ష, గర్భం లేదని పరీక్ష చేయాలి. భర్త సంతకం అక్కర్లేదు; ఆమె సంతకం చాలు. ఇంకా కొన్నిచోట్ల భర్తనో అత్తనో తీసుకురమ్మంటారు. అది అలవాటే తప్ప నియమం కాదు. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, చదువు రానివాళ్లకు చదివి వినిపించాలి, నొప్పులు పడుతున్నప్పుడు వేలిముద్ర తీసుకోకూడదు. రాష్ట్రంలో వంద కాన్పుల్లో 42 సిజేరియన్లే అని అదే సర్వే చెప్పింది. దాంతో "కడుపు కోసినాం కదా, అదీ చేసేద్దామా" అన్న ప్రశ్న ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డ మొగుడికో మామకో పడుతోంది. అది ఎనిమిదో నెలలోనే ఆమెను అడగాల్సిన ప్రశ్న.

2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒక క్యాంపులో ఆపరేషన్ చేయించుకున్న ఆడవాళ్లు పదిమందికి పైగా చనిపోయారు. 2016 సెప్టెంబరులో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్లలో ఈ క్యాంపుల పద్ధతి మానేయాలని చెప్పింది. ఒక బృందం రోజుకు 30కి మించి చేయకూడదు, మూతపడ్డ బడుల్లో, సత్రాల్లో చేయకూడదు. ఆపరేషన్ తర్వాత కనీసం నాలుగు గంటలు బీపీ, నాడి చూస్తూ మంచం మీద ఉంచాలి. కింద చాప వేసి పడుకోబెట్టి గంటలో ఆటో ఎక్కించే చోట ఎవరూ చేయించుకోవద్దు.

ఇంత ఆపరేషన్ ఎందుకు నడుస్తోంది? ఇది అమాయకత్వం కాదు. రెండో కాన్పుకు ఆసుపత్రిలో ఎలాగూ నాలుగు రోజులు ఉంటుంది. తోడు మనిషి అక్కడే ఉంటుంది, బండి బాడుగ ఒక్కసారే, కూలి పోయేది ఒక్కసారే. మళ్లీ మళ్లీ ఆసుపత్రికి వచ్చే ఖర్చు లేదు, నెల నెలా గుర్తుపెట్టుకునే పని లేదు, ఇంట్లో ఎవరి దగ్గరా దాచుకోనక్కర్లేదు. రోజుకూలితో బతికే ఇంటికి ఇది సరైన లెక్కే. కాకపోతే వయసు చూడాలి. మన రాష్ట్రంలో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో పదిమందిలో దాదాపు ముగ్గురికి 18 నిండకముందే పెళ్లయింది. అలాంటి పిల్లకు పందొమ్మిదికి మొదటి కాన్పు, ఇరవై ఒకటికి రెండోది, ఇరవై రెండు నిండుతూనే ఆపరేషన్. ఈ నడుమ ఒక్క మాత్రా, ఒక్క సూదీ ఆమె చేతికి రాలేదు. బిడ్డ పుట్టినాక మళ్లీ కడుపు రావడానికి కనీసం రెండేళ్లు ఎడం ఉండాలి. ఎడం లేని రెండు కాన్పులు, ఎప్పుడూ నిండని రక్తం, వెంటనే ఆపరేషన్: ఈ వరసే ఈ సేవలోని పెద్ద లోపం. ఆ తర్వాత జరిగేది ఇంకా బాధ కలిగిస్తుంది. ఆపరేషన్ అయిపోయింది కాబట్టి గర్భసంచితో ఇక పనిలేదన్న మాట ఊళ్లలో పాతుకుపోయింది. తెల్లబట్ట అయినా, ముట్టు ఎక్కువైనా, ముప్పై అయిదేళ్లకే గర్భసంచి తీయించుకునేవాళ్లున్నారు. దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువ జరిగే రాష్ట్రాల్లో మనదొకటి.

కూలి లెక్క ఒకసారి వేసి చూడాలి. ఆపరేషన్ తర్వాత 48 గంటలు పూర్తి విశ్రాంతి, తర్వాత తేలిక పనులు, బరువు పనులకు రెండు వారాలు ఆగాలి. ఉపాధి హామీ కూలి 2024-25లో రోజుకు 300 రూపాయలు. పద్నాలుగు రోజులకు 4,200. పరిహారంగా 2007లో కేంద్రం మన రాష్ట్రం లాంటివాటికి నిర్ణయించినది పేద, ఎస్సీ, ఎస్టీ ఆడవాళ్లకు 600, మిగతావాళ్లకు 250. ఆ తేడా ఎవరు భరిస్తారు? ఆమే భరిస్తుంది. అయిదో రోజుకే వేరుశనగ కలుపుకు పోతుంది, నీళ్ల బిందె ఎత్తుతుంది. కుట్లు చీము పట్టేది అక్కడే. ఊళ్లో "ఎండాకాలం ఆపరేషన్ వద్దు, చీము పడుతుంది" అంటారు. చీముకు ఎండతో పనిలేదు. తడి, మురికి, బరువు చాలు. కుట్లు విప్పేది ఏడో రోజు. అంతవరకూ కట్టు తడవకూడదు. జ్వరం వచ్చినా, కోత దగ్గర ఎర్రబడి నీరు కారినా, కడుపు ఉబ్బి గ్యాస్ పోకపోయినా ఆ పూటే ఆసుపత్రికి పోవాలి, సోమవారం దాకా ఆగకూడదు.

మగవాళ్ల ఆపరేషన్ ఇదే రాష్ట్రంలో 0.4 శాతం. పావుగంట పని. మత్తు అక్కడికే ఇస్తారు, కోత ఉండదు, కుట్లు ఉండవు, అదే రోజు ఇంటికి. 48 గంటలు విశ్రాంతి, వారం తర్వాత సైకిలు, బరువు పని మొదలుపెట్టొచ్చు. పరిహారం 1,100. కూలి నష్టం ఆమెకు రెండు వారాలైతే ఇతనికి ఒక వారం. అయినా "సంపాదించే మగోడికి కోతేంది, రేపు మూట ఎత్తలేడు" అని అడ్డం పడేది ఎక్కువగా అతని తల్లే. కట్టేది వీర్యనాళాన్ని. కండకు, బలానికి, కోరికకు దానితో సంబంధం లేదు.

ఇక్కడ ఒక సంగతి నొక్కి చెప్పాలి. మగవాళ్ల ఆపరేషన్ వెంటనే పనిచేయదు. నాళంలో మిగిలిన వీర్యకణాలు పోవడానికి మూడు నెలలు పడుతుంది. అంతవరకూ నిరోధ్ వాడాలి, మూడు నెలలకు వీర్యపరీక్ష చేయించి, కణాలు లేవన్న కాగితం తీసుకోవాలి. ఈ మాట చెప్పకుండా పంపేస్తే రెండో నెలలో భార్యకు కడుపొస్తుంది. అప్పుడు నింద ఆమె మీద పడుతుంది. ఒక్క ఇంట్లో అలా జరిగితే ఆ ఊళ్లో ఇంకో మగవాడు పదేళ్లు ముందుకు రాడు. నవంబరు 21 నుంచి డిసెంబరు 4 వరకు మగవాళ్ల ఆపరేషన్ల పక్షోత్సవం జరుగుతుంది. ఆ రోజుల్లో నేర్పున్న సర్జన్ దొరకడం తేలిక.

అంతర సూది: సుగ్గికి పోయేవాళ్లకు సరిపోయేది, కానీ

కర్నూలు పడమటి మండలాల్లో, ఆదోని, ఆలూరు, కోసిగి, మంత్రాలయం వైపు, పంట ముగిసినాక కుటుంబాలు గుంటూరు వైపు మిరపకోతలకు సుగ్గికి, అంటే వలస కూలికి, కదులుతాయి. అనంతపురం నుంచి బెంగళూరు కట్టడాల పనికి పోతారు. అలా కదిలేవాళ్లకు నెలనెలా మాత్ర తెచ్చుకోవడం కుదరదు. గుడారంలో పదిమంది మధ్య మాత్రల అట్ట దాచుకునే చోటు ఉండదు. మూడు నెలలకొక సూది ఇలాంటి బతుక్కి బాగా సరిపోతుంది.

మందు డీఎంపీఏ, 150 మిల్లీగ్రాములు, కండరంలోకి ఇస్తారు. మొదటిసారి డాక్టరు చూసి ఇప్పించాలి: బీపీ 160/100 కంటే తక్కువుండాలి, కారణం తెలియని రక్తస్రావం, రొమ్ము క్యాన్సర్, కాలేయ జబ్బు ఉండకూడదు. పాలిచ్చే తల్లి కాన్పయిన ఆరు వారాలు ఆగాలి. ముట్టు మొదలైన ఏడు రోజుల్లోపు వేయించుకుంటే అప్పటినుంచే రక్షణ. తర్వాతైతే గర్భం లేదని తేల్చుకుని వేయించుకుని ఏడు రోజులు నిరోధ్ వాడాలి. తర్వాతి డోసు మూడు నెలలకు. రెండు వారాలు ముందైనా, నాలుగు వారాలు ఆలస్యమైనా వేయించుకోవచ్చు. సుగ్గికి పోయేవాళ్లకు ఈ వెసులుబాటే ప్రాణం. జనవరి మొదట్లో వేయించుకుని పోతే తర్వాతి డోసు ఏప్రిల్ మొదట్లో. ఏప్రిల్ చివర్లో తిరిగొచ్చినా గడువు లోపలే ఉంటుంది. అంతర కార్డు వెంట పెట్టుకుంటే పోయిన చోట పీహెచ్‌సీలోనూ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ) వేస్తారు.

సూది వేసేటప్పుడు జరిగే పొరపాట్లు రెండు. సీసాను బాగా కుదపకపోతే మందు అడుగున ఉండిపోయి డోసు తగ్గుతుంది. వేసినాక అలవాటుగా దూదితో రుద్దితే మందు తొందరగా రక్తంలోకి పోయి మూడు నెలలు నిలవదు. రుద్దకూడదు, వేడి కాపడం పెట్టకూడదు. "అక్కా, రుద్దొద్దు" అని సూది వేయించుకునే ఆడమనిషే చెప్పగలగాలి.

ఇంతవరకూ బాగుంది. ఈ సూదిని ఆడవాళ్లు రెండో డోసుకే ఎందుకు మానేస్తున్నారో ఆసుపత్రిలో ఎవరూ అడగరు. మొదటి మూడు నెలల్లో ముట్టు లెక్క తప్పుతుంది. కొందరికి పదిహేను రోజులు చుక్క చుక్కగా కనబడుతుంది, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. వైద్యం దృష్టిలో ఇది ప్రమాదం కాదు. ఇంటి దృష్టిలో మాత్రం పెద్ద చిక్కు. ముట్టయితే దూరంగా కూచోబెట్టే ఇళ్లు ఈ వైపు ఇంకా చాలా ఉన్నాయి. పదిహేను రోజులు చుక్క కనబడితే పదిహేను రోజులు వంటింట్లోకి రాకూడదు, దేవుడి గూటి దగ్గరికి పోకూడదు. వంట ఎవరు చేయాలన్న గొడవ మొదలవుతుంది. ఆగిపోతే ఇంకో గొడవ: కోడలి ముట్టు లెక్క అత్త దగ్గరే ఉంటుంది కాబట్టి కడుపొచ్చిందని అనుకుంటుంది, లేదా "చెడు రక్తం లోపలే నిలిచిపోతుంది" అని భయపెడుతుంది. ఈ సూదిని గుట్టుగా వాడుకోవచ్చని నర్సమ్మ చెప్పినా, ముట్టు గుట్టుగా ఉండదు.

అందుకే సూదికి ముందే ఈ మాటలు చెప్పాలి: రక్తం లోపల నిలవదు, గర్భసంచి లోపలి పొర పలుచగా ఉండిపోతుంది కాబట్టి రావాల్సిందే తయారు కాదు, చుక్కలు మూడు నాలుగు నెలల తర్వాత తగ్గుతాయి, ఎక్కువైతే మాత్రలిస్తారు, వచ్చి అడగాలి. కుదిరితే అత్తను కూడా కూర్చోబెట్టి చెప్పాలి. పది నిమిషాల పని. ఈ పది నిమిషాలు పెట్టిన చోట రెండో డోసు, మూడో డోసు నిలబడతాయి. ఇంకో ముఖ్యమైన సంగతి: సూది మానేసినాక మళ్లీ గర్భం రావడానికి చివరి డోసు నుంచి ఏడు నుంచి పది నెలలు పట్టొచ్చు. వచ్చే ఏడాదే బిడ్డ కావాలనుకునేవాళ్లు, పెళ్లయిన ఏడాదికే "ఏమన్నా విశేషమా" అని నిలదీసే ఇళ్లలోని కొత్త కోడళ్లు దీన్ని ఎంచుకోకూడదు.

ఛాయ మాత్ర: ఎవరూ చెప్పని మంచి మాత్ర

లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో తయారైన మందు ఇది. ఇదే మందు మెడికల్ షాపుల్లో సహేలీ పేరుతో దొరుకుతుంది. హార్మోను కాదు. పాలిచ్చే తల్లి కాన్పయినప్పటి నుంచే వేసుకోవచ్చు, పాలు తగ్గవు. ఒక మాత్రలో 30 మిల్లీగ్రాములు. వేసుకునే పద్ధతి తప్పితేనే ఇది దెబ్బతింటుంది. ముట్టయిన మొదటి రోజు బుధవారం అనుకుందాం. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు: బుధవారం, శనివారం. నాలుగో నెల నుంచి బుధవారం ఒక్కటే. అట్టకు ఎనిమిది మాత్రలు. మొదటి మూడు నెలలు నెలకొక అట్ట ఖర్చవుతుంది, తర్వాత ఒక అట్ట రెండు నెలలు వస్తుంది. చాలామంది మొదటి నెల నుంచే వారానికొకటి వేసుకుంటారు, ఎందుకంటే "వారానికొక మాత్ర" అన్న పేరే చెవినపడింది. ఫెయిలవుతున్నది అక్కడే.

మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి, తర్వాతి ముట్టు దాకా నిరోధ్ కూడా వాడాలి. ఏడు రోజులకు మించి మర్చిపోతే మళ్లీ కొత్తగా, వారానికి రెండు చొప్పున మూడు నెలలు మొదలుపెట్టాలి. ముట్టు ఆలస్యంగా, తక్కువగా వస్తుంది. 15 రోజులకు మించి ఆలస్యమైతే ఆశా కార్యకర్త దగ్గరున్న నిశ్చయ్ కిట్‌తో పరీక్ష చేసుకోవాలి. అండాశయంలో నీటిబుడగల సమస్య, ఈమధ్య కామెర్లు, కాలేయ జబ్బు, టీబీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఇది వద్దు.

రాష్ట్రంలో వందమంది ఆడవాళ్లలో దాదాపు 59 మందికి రక్తం తక్కువ. నెలనెలా పోయే రక్తాన్ని తగ్గించే పద్ధతి వాళ్లకు రెండు విధాలా మేలు. అలాంటివాళ్లకు ఛాయ, అంతర, ఏడు ఐరన్ మాత్రలు కలిసి ఉన్న మాలా-ఎన్ సరిపోతాయి. కాపర్‌టీతో ముట్టు కొంచెం ఎక్కువవుతుంది. 8 గ్రాముల రక్తంతో ఉన్న బాలింతకు చూడకుండా కాపర్‌టీ వేస్తే ఆరు నెలలకు ఆమె ఇంకా పాలిపోతుంది, తీయించుకుంటుంది, ఇంకో పదిమందికి వద్దని చెబుతుంది. కాపర్‌టీ వేసేముందు రక్తం చూడాలని ఈ ప్రాంతంలో గట్టిగా చెప్పాలి.

మాలా-ఎన్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. రోజూ ఒకే వేళకు వేసుకోగలిగినవాళ్లకు మంచిది. బీపీ 140/90 దాటినవాళ్లు, ఆరు నెలల్లోపు పాలిచ్చేవాళ్లు వాడకూడదు. టీబీ మందు రిఫాంపిసిన్, కొన్ని మూర్ఛ మందులు దీని బలాన్ని తగ్గిస్తాయి. అలాంటప్పుడు అంతర మేలు.

కాపర్‌టీ, పుట్టింటి కాన్పు

మాయ పడిన పది నిమిషాల్లోపు, లేదా 48 గంటల్లోపు, సిజేరియన్ అయితే అప్పుడే కాపర్‌టీ పెట్టొచ్చు. 48 గంటలు దాటితే ఆరు వారాలు ఆగాలి. పెట్టడానికి ఒప్పుకున్నవాళ్లకు 300, ఆశా కార్యకర్తకు 150, పెట్టినవాళ్లకు 150 ఇచ్చే పద్ధతి ఉంది. ఆ డబ్బే ఒక్కోసారి చెరుపు చేస్తుంది: లెక్క కోసం సరిగా చెప్పకుండా పెట్టేస్తే, ఏడాది తర్వాత కడుపునొప్పికి స్కానింగ్ తీయిస్తే తెలిసి ఆ ఆడమనిషి జీవితంలో మళ్లీ సర్కారు ఆసుపత్రిని నమ్మదు.

కాన్పు తర్వాత వెంటనే పెట్టిన కాపర్‌టీ జారిపోయే అవకాశం మామూలుగా పెట్టినదానికంటే ఎక్కువ. అందుకే ఆరు వారాలకు చూపించుకోవాలి. దారాలు కిందికి వచ్చేదీ అప్పుడే. ఈ ఆరు వారాల పరీక్షే మన దగ్గర తప్పిపోతోంది, దానికి కారణం ఆసుపత్రిలో కాదు, ఆచారంలో ఉంది. మొదటి కాన్పు పుట్టింట్లో జరుగుతుంది. గర్భం నమోదైంది అత్తగారి ఊళ్లో, కాన్పయింది పుట్టింటి దగ్గర ఆసుపత్రిలో, బాలింత మూడో నెల దాకా, కొన్నిచోట్ల అయిదో నెల దాకా అక్కడే ఉంటుంది. అత్తగారి ఊరి ఆశాకు ఆమె ఊళ్లో లేదు. పుట్టింటి ఊరి ఆశాకు ఆమె తన లెక్కలో లేదు. ఎడం గురించి చెప్పాల్సిన ఆరు వారాలు ఇద్దరి మధ్యా జారిపోతాయి. అయిదో నెలలో మొగుడింటికి పోయేసరికి బిడ్డకు గంజి, నీళ్లు మొదలై ఉంటాయి. తల్లిపాలు గర్భం రాకుండా కాపాడాలంటే మూడూ ఉండాలి: బిడ్డకు ఆరు నెలల్లోపు వయసు, పాలు తప్ప ఇంకేదీ పట్టకపోవడం, ముట్టు తిరిగి రాకపోవడం. ఒక్కటి తప్పినా రక్షణ లేదు. ముట్టు రాకముందే రెండోసారి కడుపు నిలిచేది ఇలాంటి ఇళ్లలోనే.

దీనికి మందు చిన్నదే. డిశ్చార్జి రోజున తల్లీబిడ్డల కార్డు మీద ఏం పెట్టారో, ఎప్పుడు చూపించుకోవాలో రాయించుకోవాలి. పుట్టింటి ఊరి ఏఎన్‌ఎంకు ఆ కార్డు చూపించాలి. ఊరు వేరైనా ఆమె చూడాలి.

తీయించుకోవడం ఇంకో సమస్య. కాపర్‌టీ తీయడం అయిదు నిమిషాల పని, శిక్షణ ఉన్న స్టాఫ్ నర్సు తీయగలదు. తీయమని అడిగితే "ఇంకో మూడు నెలలు చూడు" అని పంపేయకూడదు. ఒకసారి నచ్చజెప్పొచ్చు, రెండోసారి తీయాల్సిందే. తీయరని తెలిసిన ఊళ్లో ఎవరూ వేయించుకోరు. కాపర్‌టీ గుండెలోకి పోతుందన్న భయానికి ఆధారం లేదు. అది గర్భసంచిలోనే ఉంటుంది, లేదా జారి కింద పడిపోతుంది, చాలా అరుదుగా గర్భసంచి గోడను దాటుతుంది. దారం తగలడం లేదని అనిపిస్తే వచ్చి చూపించుకోవాలి.

కువైట్ ఇళ్లు

రాయచోటి, రాజంపేట వైపు మగవాళ్లు కువైట్‌లో ఉండి రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు మీద వస్తారు. ఆ ఇళ్లలోని ఆడవాళ్లను ఈ సేవ దాదాపు మర్చిపోయింది. ఆశా కార్యకర్త "మొగుడు ఇంట్లో లేడు కదా" అని లెక్కలోంచి తీసేస్తుంది. అతను రాకముందే మాత్రలు అడిగితే ఊరు నోరు మూసుకోదు. కాబట్టి అతను దిగినాక హడావుడి, తర్వాత 72 గంటల మాత్ర, అది వారానికి రెండు మూడుసార్లు. ఆ మాత్ర అత్యవసరానికే, రోజువారీ పద్ధతి కాదు. అలా వాడితే ముట్టు చెడుతుంది, రక్షణా తక్కువ.

మేలైన ఏర్పాటు ఇలా ఉంటుంది. టిక్కెట్టు తేదీ తెలియగానే, అతను వచ్చే ముందు ముట్టయిన మొదటి రోజు మాలా-ఎన్ మొదలుపెట్టాలి. అతను తిరిగి వెళ్లినాక ఆ అట్ట పూర్తయ్యేదాకా వేసుకుని ఆపేయొచ్చు. తర్వాతి సెలవుకు బిడ్డ కావాలనుకుంటే ఇది అడ్డం కాదు. ఇక బిడ్డలు వద్దనుకుంటే, ఆపరేషన్ భయమైతే, కాపర్‌టీ అన్నిటికంటే సులువు. అతను ఉన్నా లేకపోయినా దాని పని అది చేస్తుంది. ఒక్క సెలవుకు అంతర ఒక డోసు సరిపోతుంది, కానీ తర్వాత ముట్టు ఆలస్యమవుతుంది. ఆపరేషన్ వద్దనుకునే ముస్లిం కుటుంబాలు కడప, కర్నూలు, ఆదోనిలో చాలా ఉన్నాయి. తీసేస్తే మళ్లీ బిడ్డలు పుట్టే పద్ధతులకు ఆ ఇళ్లలో అంత అభ్యంతరం ఉండదు. ఆడ నర్సు, తలుపున్న గది ఉంటే చాలామంది ముందుకొస్తారు. చాలా పీహెచ్‌సీల్లో ఆ తలుపే లేదు.

మెడికల్ షాపు గురించి ఒక్క మాట. కడుపు పోగొట్టే మాత్రల కిట్‌ను చీటీ లేకుండా కొని ఇంట్లో వేసుకోవడం ప్రమాదం. గర్భం ఎన్ని వారాలో, గర్భసంచిలోనే ఉందో లేదో చూడకుండా వేసుకుంటే రక్తం ఆగక ప్రాణం మీదికొస్తుంది. గర్భనిరోధక పద్ధతి ఫెయిలై కడుపొస్తే 20 వారాల వరకు డాక్టరు దగ్గర తీయించుకునే హక్కు చట్టంలో ఉంది. 2021 సవరణ తర్వాత పెళ్లి కాని ఆడవాళ్లకూ ఆ హక్కు వచ్చింది.

ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నియమాన్ని రాష్ట్రం 2024లో తీసేసింది. ఇప్పుడు పైనుంచి ఎక్కువమందిని కనమన్న మాటా వినిపిస్తోంది. నిన్న వద్దన్నా, రేపు కనమన్నా, కనేదీ పెంచేదీ ఆమే. ఏ ప్రభుత్వం ఏం చెప్పినా పీహెచ్‌సీలో ఛాయ, అంతర నిల్వలు తగ్గకూడదు.

చివరగా, ఆపరేషన్ చేయించుకున్న ప్రతి ఆడమనిషి పట్టుబట్టి తీసుకోవాల్సిన కాగితం ఆపరేషన్ సర్టిఫికెట్. ఆపరేషన్ అయిన నెలకు, లేదా తర్వాతి ముట్టు వచ్చినాక, ఏది ముందైతే అప్పుడు ఇవ్వాలి. వెయ్యి ఆపరేషన్లలో ఐదు దాకా ఫెయిల్ కావచ్చు. ముట్టు తప్పిన రెండు వారాల్లోపు ఆసుపత్రికి పోవాలి, గర్భం నాళంలో నిలిస్తే ప్రాణాపాయం. ఫెయిలైనా, ఆపరేషన్ వల్ల జబ్బు చేసినా పరిహారానికి దరఖాస్తు గడువు తెలిసిన నాటి నుంచి 90 రోజులు. సర్టిఫికెట్, డిశ్చార్జి కాగితం, సమ్మతి పత్రం నకలు మూడూ కావాలి. ఇల్లు మారేటప్పుడు, సుగ్గికి పోయేటప్పుడు కాగితాలు పోతాయి. ఇచ్చిన రోజే ఫోన్‌లో ఫొటో తీసి, ఆసుపత్రి రిజిస్టర్ నంబరు ఆధార్ నకలు వెనక రాసిపెట్టుకోవాలి.